మట్టెల కింద మచ్చ

అన్నయ్య కుడికాలి చిటికెనవేలి కింద నల్లటి మచ్చ ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు తుమ్మముల్లు దిగితే అక్కడ అలా నల్లబడిపోయిందని అమ్మ అనేది. ఆనెకాయ అయ్యుంటుందని వదిన అనుకునేది. అన్నయ్య మాత్రం దాని ఊసే ఎత్తేవాడు కాదు. కొత్తపేటకి దగ్గర్లోని ఒక ఊళ్ళో శివాలయం అర్చకుడు. మీసం రాకముందే నాన్నగారి వెనకాల గర్భగుడిలో అడుగుపెట్టాడు. అప్పట్నించీ గుళ్ళోనే కాదు, బజారుకెళ్ళినా, పొలం గట్టు మీద నడిచినా చెప్పుల్లేని కాళ్ళే. అంత తిరిగిన కాలికి ఒక మచ్చ ఉంటే పట్టించుకునేదెవరు?

నా పేరు ఉమ. రాజోలులో ఉంటాను. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయనకి బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. మాకు ఒక్కతే కూతురు, శ్రావణి, ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. జరగాల్సిందంతా జరిగి కాస్త సర్దుకున్నాక ఇది రాస్తున్నాను. సర్దుకుంది అంటున్నాను గానీ, ఈ నాలుగు ముక్కలు రాసేలోపే ఓసారి లేచి గేటు దాకా వెళ్ళొచ్చాను, ఓసారి పాలు పొంగుతున్నాయేమోనని వంటింట్లోకి తొంగిచూశాను. స్టవ్ మీద పాలే లేవు. ఈ ఏడాది నాకు మిగిల్చిన అలవాటు ఇది. ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను.

మాఘం

వదిన ఫోన్ చేసేసరికి స్కూల్లో ఉన్నాను. ఆవిడ పనివేళల్లో ఎప్పుడూ చెయ్యదు.

"ఉమా, ఒక్కసారి రాగలవా? మీ అన్నయ్య కాలి నించి రక్తం కారుతోంది. అడిగితే గచ్చు గీరుకుందంటారు. గుళ్ళో నేల మీద మరకలు పడితే ఆయనే తుడిచేసుకుంటున్నార్ట. ఎవరో చూసి నాకు చెప్పేరు."

సగం రోజు సెలవు పెట్టి బస్సెక్కాను. అమలాపురంలో బస్సు మారి, కొత్తపేటలో దిగి ఆటోలో ఇంటికి చేరేసరికి అన్నయ్య మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద పడుకుని ఉన్నాడు. కాలు చూపించమంటే పంచె కిందకి లాక్కున్నాడు.

"నువ్వేం డాక్టరువా?"

"కాదు. లెక్కల టీచర్ని. నువ్వు చూపించేదాకా ఇక్కణ్ణించి కదలను."

ఆ మచ్చ నాకు గుర్తున్నట్టు లేదు. గుండ్రంగా, మినపగింజంత ఉండేదల్లా అంచులు పాకి, ఒకపక్క నల్లగా, ఒకపక్క ఊదాగా, మధ్యలో పచ్చిపుండై ఉంది. అది ఏమిటో నాకు తెలియదు. కానీ ఆనెకాయ కాదని మాత్రం తెలిసింది.

అమలాపురంలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. వయసులో చిన్నావిడ. అన్నయ్య ఆవిడ ముందు కాలు చాపడానికి నానా అవస్థా పడ్డాడు. "ఆడపిల్లకి అరికాలు చూపించడమేమిటే" అని నా చెవిలో గొణిగాడు. ఆవిడకి వినపడింది. పొట్టి స్టూలు లాక్కుని కూర్చుని, అన్నయ్య పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుంది. లైటు దగ్గరికి లాగి చాలాసేపు చూసింది. అంతవరకూ వాతావరణం గురించీ, బస్సుల గురించీ మాట్లాడుతున్న మనిషి ఒక్కసారిగా మాటలాపేసింది. అప్పుడు భయం వేసింది నాకు.

ముక్క తీసి పరీక్షకి పంపారు. వచ్చిన మాట మెలనోమా. చర్మ క్యాన్సర్లలో ఒకటి.

"అది తెల్లతోలు వాళ్ళకి ఎండలో పడుకుంటే వచ్చేది కదండీ?" అన్నాడు మా ఆయన.

"మనవాళ్ళలో తక్కువేనండీ. కానీ వస్తే ఎక్కువగా ఇలాంటి చోటే వస్తుంది. అరికాళ్ళు, అరిచేతులు, గోళ్ళ కింద. ఎవరూ చూసుకోని చోట" అంది డాక్టరమ్మ. వైజాగ్‌లో ఒక పెద్దాసుపత్రికి వెళ్ళమని రాసిచ్చింది.

ఫాల్గుణం, చైత్రం

వైజాగ్‌లో సర్జన్ ఎక్కువ మాట్లాడలేదు. చిటికెనవేలితో పాటు దాని చుట్టూ కొంత భాగం తీసెయ్యాలన్నారు. ఆలస్యం చెయ్యొద్దన్నారు.

"వేలు ఉంచి చెయ్యలేరాండీ?" అని అన్నయ్య అడిగాడు.

"వేలు ఉంచితే జబ్బు కూడా ఉంటుందండీ."

అన్నయ్య లేచి దండం పెట్టి, ఆలోచించుకుని వస్తానని బయటికి వచ్చేశాడు. మేం నిర్ఘాంతపోయాం. ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కుని, అమ్మ పక్కన కూర్చుని అప్పుడు చెప్పాడు.

"అంగం పోయినవాడు స్వామిని ముట్టుకోకూడదమ్మా. వేలు తీయించుకుంటే నేను గుళ్ళోకి వెళ్ళలేను. గుళ్ళోకి వెళ్ళకపోతే నేనేమిటి?"

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన మాత్రం మేమెప్పుడూ వినని గొంతుతో అరిచింది.

"మీరేమిటో మీకు తెలీకపోతే నన్నడగండి. మీరు నా మొగుడు. స్వామికి ఇంకో అర్చకుడు దొరుకుతాడు. నాకెవరు దొరుకుతారు?"

ఆ మాటకి అన్నయ్య లేచి గుడికెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఇంట్లో ఎవరి కంచం ముందు వాళ్ళు కూర్చుని తిని లేవడమే. నేను రాజోలుకీ, కొత్తపేటకీ మధ్య తిరిగాను. బస్సులో కూర్చుంటే ఇంకా త్వరగా పోనిస్తే బావుండుననిపించేది. ఇంటి ముందు దిగితే ఎందుకొచ్చానా అనిపించేది. లోపల ఒక మచ్చ రోజురోజుకీ పాకుతోంది, బయట మేం శాస్త్రం మాట్లాడుకుంటున్నాం.

చివరికి మా మేనమామని పిలిపించింది వదిన. ఆయన వేదం చదువుకున్న మనిషి. చుట్టుపక్కల ఆలయాల్లో ఏ సందేహం వచ్చినా ఆయన మాటే ఆఖరు. జొన్నాడ నించి ఆటోలో వచ్చి దిగి, మంచినీళ్ళు తాగి, అన్నయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"శాస్త్రం అడిగావు కనక చెబుతున్నాను. వేలు లేనివాడు మూలవిరాట్టుని ముట్టుకోరాదంటారు. నిజమే. ఒళ్ళు కాపాడుకోమని కూడా ఆ శాస్త్రమే చెప్పింది. రెండోది ముందురా. మొదటిది తరవాత."

"మరి నేను గుళ్ళో ఏం చెయ్యాలి మావయ్యా?"

"పూజ మీ బాబాయి కొడుకు చేస్తాడు. నువ్వు మంటపంలో కూర్చుని రుద్రం చెప్పు. నీ గొంతుకి కాలివేలు అక్కర్లేదు."

అన్నయ్య తల వంచుకున్నాడు. "టికెట్లు తియ్యండి" అన్నాడు.

ఆపరేషన్ రోజు వైజాగ్‌లో వెయిటింగ్ హాలు కిక్కిరిసి ఉంది. గోడవారన నిలబడి నిలబడి వదిన గోడకి జారగిలబడితే, ఒకావిడ తన కుర్చీ ఇచ్చి తను నేల మీద కూర్చుంది. ఓడలరేవు నించి వచ్చారట. భర్త చేపలవేటకి వెళ్ళే మనిషి, నోటి క్యాన్సర్. "మీది ఏ ఊరండీ?" అని అడిగి, మా జిల్లాయే అని తెలిశాక తన సంచీలోంచి బత్తాయిలు తీసి ఒలిచి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. "తినండమ్మా. లోపలోళ్ళ కోసం మనం బలంగా ఉండాలి" అంది. వదిన ఆ తొనలు నోట్లో పెట్టుకుని ఆరోజు మొదటిసారి ఏడ్చింది. ఆవిడ పేరు అడగడం మరిచిపోయాను. వాళ్ళాయన ఎలా ఉన్నాడో ఇప్పటికీ తెలియదు. తలుచుకున్నప్పుడల్లా అక్కడికెళ్ళి వెతకాలనిపిస్తుంది.

వేలు తీసేశారు. గజ్జల్లో గ్రంథుల పరీక్ష శుభ్రంగా వచ్చింది. జబ్బు ఇంకా పైకి పాకలేదన్నారు. ఆ మాట విని మా ఆయన హాల్లోంచే అమ్మకి ఫోన్ చేశాడు.

జ్యేష్ఠం

కట్టు విప్పాక అమలాపురం డాక్టరమ్మ దగ్గరికి చూపించుకోవడానికి వెళ్ళాం. ఆవిడ అన్నయ్య కాలు చూసి, బావుందని చెప్పి, తరవాత నా వైపు తిరిగింది.

"మీరు ఈయన సొంత చెల్లెలా? మరి మిమ్మల్నీ, అమ్మగార్నీ, పిల్లల్నీ ఎప్పుడు చూపిస్తారు?"

"మాకేం లేదండీ."

"ఏమీ లేదని చూస్తేనే కదండీ తెలిసేది? ఇంట్లో ఒకరికి వచ్చిందంటే మిగతావాళ్ళందరికీ వస్తుందని కాదు. భయపడకండి. కానీ మిగతావాళ్ళకన్నా మీరు కాస్త జాగ్రత్తగా ఉండాలి."

ఆవిడ చెప్పింది పెద్ద కష్టమైనవేం కాదు. నెలకోసారి మంచి వెలుతురులో ఒళ్ళంతా చూసుకోవాలి. అరికాళ్ళు, వేళ్ళ మధ్య, గోళ్ళు, అరిచేతులు, చెవుల వెనక, మాడు, వీపు. వీపు ఎవరికి వాళ్ళు చూసుకోలేరు గనక ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోవాలి. ఉన్న మచ్చ పెరిగినా, అంచులు వంకర తిరిగినా, రంగు మారినా, రక్తం కారినా, గోరులో నల్లచార వచ్చినా వెంటనే రావాలి. అన్నయ్యకి ఎండ వల్ల వచ్చిందని చెప్పలేమని, అయినా మీ ఇంటివాళ్ళు చర్మాన్ని ఎండకి మాడ్చుకోవద్దని అంది. గొడుగు, పొడుగు చేతుల జాకెట్టు, మొహానికి ఎండ క్రీము.

నేను ఆ మాటల్ని ఎక్కువగా పట్టించుకున్నాను. నెలకోసారి అంటే రోజుకి మూడుసార్లు చూడ్డం మొదలుపెట్టాను. బస్సులో ఎదుటి సీటువాళ్ళ కాళ్ళు చూసేదాన్ని. క్లాసులో బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి మొదటి బెంచీ పిల్లల పాదాలు చూస్తూ నిలబడిపోయేదాన్ని. పుట్టుమచ్చ కనిపిస్తే ఫోన్లో ఫోటో తీసి, నాలుగు రోజులకి మళ్ళీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని పెరిగిందా లేదా అని తేల్చుకోలేక ఇంకొకటి తీసేదాన్ని.

"నీ ఫోన్ నిండా కాళ్ళే" అన్నాడు మా ఆయన. "పెళ్ళయి ఇన్నేళ్ళకి నీ వీపు మీద పుట్టుమచ్చలు చూసే ఉద్యోగం కూడా వచ్చింది నాకు." నవ్వించడానికే అన్నాడు. కానీ ట్యూబులైటు కింద నన్ను నిలబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని మరీ శ్రద్ధగా చూసేవాడు. ఆ చెయ్యి కొంచెం చల్లగా ఉండేది. తనకీ భయమేనని నాకు అలా తెలిసింది.

శ్రావణితో మాత్రం గొడవైంది. ఒకరోజు పొద్దున్నే అది ఇంకా పడుకుని ఉండగా దుప్పటి తొలగించి అరికాళ్ళు చూస్తుంటే ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"అమ్మా! నేను మనిషిని. నా మొహం చూసి మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు? కాలేజీ నించి వచ్చిన దగ్గర్నించీ కాళ్ళు, చేతులు, మెడ. నాకు భయమేస్తోంది నువ్వలా చూస్తుంటే."

అది కాళ్ళు ముడుచుకుని గోడవైపు తిరిగింది. కాసేపటికి దాని పక్కన పడుకుని, నెలకి ఒక్కసారే చూస్తానని, అదీ తను సరేనన్నప్పుడే అని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడం నాకెంత కష్టమైందో దానికి తెలియదు.

అమ్మయితే మొదట ఒప్పుకోలేదు. "ఈ వయసులో నాకేం చూస్తావే" అని కసురుకుంది. తరవాత ఓరోజు కొత్తపేట వెళ్తే, పెరట్లో ఎండలోకి కుర్చీ లాక్కుని, ఎవరూ లేకుండా చూసి నన్ను పిలిచింది. కాళ్ళు రెండూ ముందుకి చాపింది.

"చూడు. నా నించే వాడికి వచ్చిందేమో చెప్పు."

అప్పుడర్థమైంది ఇన్నాళ్ళూ ఎందుకు చూపించలేదో. ఆ కాళ్ళని నా ఒళ్ళోకి తీసుకుని వేళ్ళ సందులన్నీ చూశాను. పగుళ్ళు తప్ప ఏమీ లేవు. "నీ నించి రాలేదమ్మా. అది ఎవరి తప్పూ కాదని డాక్టరుగారు చెప్పేరు" అన్నాను. అమ్మ నమ్మిందో లేదో తెలియదు. "సరే, ఆ చేతులు కూడా చూసెయ్యి" అంది.

ఆషాఢం

ఆషాఢం వచ్చిందంటే మా వీధిలో గోరింటాకు రుబ్బని ఇల్లుండదు. పక్కింటి పిన్నిగారు గిన్నెతో వచ్చి కాళ్ళకీ చేతులకీ పెడతానంటే, గోళ్ళకి వద్దండీ అన్నాను. గోరింటాకు పండితే గోరు కింద ఏముందో కనిపించదని డాక్టరమ్మ చెప్పింది. పిన్నిగారికి అర్థం కాలేదు. "అయిదోతనం అమ్మా, గోళ్ళకి లేకుండా ఎలాగ?" అంది. అరచేతిలో చుక్క పెట్టించుకుని ఊరుకున్నాను. గొడుగు వేసుకుని స్కూలుకి వెళ్తుంటే తోటి టీచర్లు నవ్వేవాళ్ళు. "ఉమా మేడమ్ సినిమాల్లో చేరుతున్నారేమో" అని. నేనూ నవ్వేదాన్ని. గొడుగు మాత్రం ముడవలేదు.

అదే నెలలో అందరం కలిసి అమలాపురం వెళ్ళాం. అమ్మని చూసింది డాక్టరమ్మ. ఏమీ లేదు. శ్రావణిని చూసింది. మెడ మీద ఒక పుట్టుమచ్చని గుర్తుపెట్టుకోమంది, భయం లేదంది. ఆఖర్న నేను మంచం మీద కూర్చున్నాను. ఒళ్ళంతా చూసింది. కాళ్ళ దగ్గర ఆగింది.

"మట్టెలు తియ్యండి."

నేను కదల్లేదు. పెళ్ళిలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వేలు లావై రింగు లోపలికి దిగబడిపోయింది. అసలు అవి తీస్తారన్న ఆలోచనే నాకెప్పుడూ లేదు. భర్త పోయినప్పుడు తప్ప తియ్యరు. అందరి కాళ్ళూ చూశాను, ఫోన్లో ఫోటోలు తీశాను, వేళ్ళ సందులు వెతికాను. నా మట్టెల కింద చూసుకోలేదు.

సబ్బు రాసినా రాలేదు. డాక్టరమ్మ బలవంతం చెయ్యలేదు. "కంసాలి దగ్గర కోయించుకుని రండి. తొందరేం లేదు, ఈ వారంలోపు" అంది.

తొందరేం లేదన్న మాటతో ఇంటికి ఎలా వెళ్ళడం? తలుపు బయట నిలబడ్డ మా ఆయనకి చెప్పాను. ఆయన మొహం ఒక్క క్షణం మారింది. తరవాత అమ్మ వైపు చూడకుండా, నా వైపు చూడకుండా, "పద. ఇక్కడే బజార్లో కోయిద్దాం. నాకేం కాదు" అన్నాడు.

కంసాలి ముసలాయన నన్నూ, పక్కన మా ఆయన్నీ మార్చి మార్చి చూసి, "బిగిసిపోయేయాండీ?" అని అడిగాడు. మా ఆయనే "ఆయ్, డాక్టరుగారు తియ్యమన్నారండీ" అని చెప్పాడు. ముసలాయన చిన్న కత్తెరతో నొక్కేముందు దేవుడి పటం వైపు తిరిగి ఒక దండం పెట్టుకున్నాడు. మా ఆయన నా భుజం పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

రెండు వేళ్ళ చుట్టూ నల్లటి వలయాలు. ఏళ్ళ తరబడి రింగు ఒరుసుకుంటే పడే నలుపు అది, ఆడవాళ్ళందరికీ ఉంటుంది. కానీ ఎడమకాలి వేలికి, వలయం లోపల, ఇంకొంచెం ముదురుగా ఒక మరక ఉంది.

వెంటనే వెనక్కి వెళ్తే, డాక్టరమ్మ చిన్న భూతద్దం లాంటి పరికరం పెట్టి చూసింది. "చూడ్డానికి మరీ చెడ్డగా లేదు. మంచిదని కూడా చెప్పలేను. తీసి పరీక్షకి పంపిద్దాం."

శ్రావణం

రిపోర్టు వచ్చేదాకా నేను ఎలా ఉన్నానో చెప్పమంటే ఒక్క మాటలో చెప్పలేను. ఇల్లు ఊడ్చి మళ్ళీ ఊడ్చేదాన్ని. పరీక్ష పేపర్లు దిద్దినవే దిద్దేదాన్ని. నడుస్తుంటే బావుండేది, కుట్లున్న కాలితో నడవకూడదు. కూర్చుంటే మోకాలు దానంతటదే ఊగేది. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలుపు వస్తే వెళ్ళలేదు. వట్టి వేళ్ళతో వెళ్తే ఎవరైనా అడుగుతారని భయం, అడక్కుండా చూసి ఊరుకుంటారని ఇంకా భయం. పక్కింటి పిన్నిగారే వాయనం పట్టుకొచ్చింది. నా కాలి కట్టు చూసింది. పసుపు రాయడానికి వంగి, కట్టు దగ్గర ఆగి, మడమకి మాత్రం రాసి, "తగ్గేక వేళ్ళకి నేనే రాస్తాను" అని వెళ్ళిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూస్తే అన్నయ్య. కాలికి మెత్తటి చెప్పు, చేతిలో కర్ర. రెండు బస్సులు మారి ఒక్కడే వచ్చాడు. అన్నయ్య కాలికి చెప్పు చూడ్డం నాకదే మొదలు.

చాలాసేపు ఊళ్ళో సంగతులు మాట్లాడాడు. తరవాత నెమ్మదిగా, "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అన్నాడు.

"లేదు."

"నాకూ పట్టేది కాదు. నేను బింకంగా ఉన్నాననుకున్నారు మీరంతా. గుళ్ళో అభిషేకం చేస్తున్నప్పుడు కూడా మంత్రం మరిచిపోయేవాణ్ణి. స్వామి ముందు నిలబడి నా కాలి గురించే ఆలోచించేవాణ్ణే." కర్ర గోడకి ఆనించాడు. "ఇప్పుడు మంటపంలో కూర్చుంటున్నానా, లోపల బాబాయి కొడుకు నీళ్ళు పోస్తుంటే చెయ్యి లేస్తుంది నాకు. ఆ బాధ పోలేదు. పోతుందని కూడా చెప్పను. కానీ బతికే ఉన్నాను కదా, బాధపడ్డానికి."

నేను ఏడ్చాను. అన్నయ్య నా తల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. శ్రావణి కాలేజీ నించి వచ్చేదాకా అలాగే ఉన్నాడు. అది కాఫీ కలిపి ఇచ్చి, మామయ్య పాదం వైపు చూసి, "నెల అయింది మామయ్యా, రెండో కాలు చూపించు" అంది. ఎవరూ చెప్పకుండా. అన్నయ్య ఎడమకాలు ముందుకి చాపాడు.

రిపోర్టు వచ్చింది. అది క్యాన్సర్ కాదు. అలాగని వట్టి పుట్టుమచ్చ కూడా కాదు. కణాలు మారడం మొదలుపెట్టాయట. అలా వదిలేస్తే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరట. చుట్టూ ఇంకొంచెం తీసి కుట్లు వేశారు. వేలు ఉంది. కొన్ని నెలలకోసారి వెళ్ళి చూపించుకోవాలి, ఇంకా ఎన్నాళ్ళో తెలియదు. మంచి వార్తేనని అందరూ అన్నారు. మంచి వార్తే. కానీ ఆ "చెప్పలేం" అన్న మాట నా దగ్గరే ఉండిపోయింది. పాఠం చెబుతుంటే వస్తుంది, అన్నం వారుస్తుంటే వస్తుంది.

మా ఆయన కొత్త మట్టెలు చేయించాడు. వదులుగా, తీసి పెట్టుకునేలా. ఆ కంసాలి ముసలాయన్నే అడిగి చేయించాడట.

కార్తీకం

కార్తీక సోమవారం అన్నయ్య వాళ్ళ గుడి కిటకిటలాడిపోయింది. అభిషేకం అయ్యాక జనం మంటపం మెట్ల మీద కాళ్ళు చాపుకుని ప్రసాదం తింటున్నారు. అన్నయ్య రుద్రం ముగించి గొంతు తడుపుకుంటున్నాడు. ఎదురు మెట్టు మీద సత్తిబాబు కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో కొబ్బరి దింపు తీసే మనిషి. చెట్టెక్కి దిగి దిగి పాదాలు చెక్కలా ఉంటాయి.

అన్నయ్య అతని మడమ వంక చూస్తూ, "సత్తిబాబూ, ఆ కాలు ఇలా పెట్టు" అన్నాడు.

"ఎందుకండీ పంతులుగారూ?"

"నల్లగా ఏదో ఉంది. చూద్దాం."

సత్తిబాబు కాళ్ళు ముడుచుకున్నాడు. "ఆయ్, మా కాలు తమరు పట్టుకోవడమేటండీ! నాకు పాపం చుట్టుకుంటది."

అన్నయ్య వినలేదు. కర్ర పక్కన పెట్టి, కష్టపడి మెట్టు మీద కూర్చుని, సత్తిబాబు పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని తన పంచె మీద పెట్టుకున్నాడు. చెంబులో నీళ్ళతో కడిగి, అంగవస్త్రంతో తుడిచాడు. చుట్టూ జనం తినడం ఆపేసి చూస్తున్నారు. మచ్చ పోలేదు. మర్నాడు పొద్దున్న బస్సుకి సత్తిబాబుని అన్నయ్యే స్వయంగా అమలాపురం తీసుకెళ్ళాడు. నేను రాజోలు వెళ్ళకుండా ఆగిపోయాను. వాళ్ళు తిరిగొచ్చేదాకా వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. ఎప్పుడో విరిగిన ముల్లు లోపల ఉండిపోయిందట. డాక్టరమ్మ తీసేసింది. అంతే.

సాయంత్రం సత్తిబాబు ఒక కొబ్బరి గెల భుజాన వేసుకుని వచ్చాడు. వెనకాల వాళ్ళావిడ.

"పంతులుగారూ, మాయావిడ కాళ్ళు కూడా ఓపాలి చూడండీ. ఈవిడా చెప్పుల్లేకుండానే తిరుగుద్ది."

అన్నయ్య కంగారు పడి లోపలికి చూశాడు. "ఉమా, ఇలా రా."

నేను వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని, సిగ్గుపడుతూ, ఒక కాలు ముందుకి పెట్టింది. పొద్దు ఇంకా వాలలేదు. "కంగారు లేదమ్మా, నెమ్మదిగానే చూద్దాం" అని, ఆవిడ పాదాన్ని నా ఒళ్ళోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పాను.